కింది అంతస్తు చాలండీ

పోయిన వారం నేను బిస్కెట్లావిడ ఇంటి ముందు టాక్సీ దిగి, గేటు లోపల నిలబెట్టి ఉన్న స్కూటర్ని చూసి అక్కడే కొయ్యబారిపోయాను. మీరు మరిచిపోయి ఉండొచ్చు, నేను మరిచిపోలేదు. ఎడమవైపు అద్దం పగిలి, దానికి నల్ల టేపు చుట్టి ఉన్న ఆకుపచ్చ స్కూటర్. మా ఇంటి చిన్నకోడలిది. అంటే నా మరిది భార్య, నా తోడికోడలు. మా అత్తగారికి కోడళ్ళం మేమిద్దరమే. ఆ ఇంటికి ఆ రోజు రావలసింది మాత్రం నేనొక్కదాన్నే.

కొత్తగా చదువుతున్నవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నగరంలో పాడుబడిపోయిన వీధుల్ని మళ్ళీ మనుషులు బతికేలా బాగుచేయించడానికి, ఉన్నవాళ్ళ దగ్గర విరాళాలు పోగుచేసే ట్రస్టు ఒకటుంది. తొమ్మిదేళ్ళుగా దాన్ని నడుపుతున్నది నేను. అడగడమే నా ఉద్యోగం. సిగ్గు అనేది మొదటి ఏడాదే వదిలేశాను. ఇప్పుడు మా చేతిలో ఉన్న పని ఐసు ఫ్యాక్టరీ సందు. ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. దాని గోడల్ని ఆనుకుని లేతు మిషన్ల వాళ్ళు, దర్జీలు, గొడుగులు బాగుచేసేవాళ్ళు రేకుల కింద పిల్లాపాపలతో కాపురాలు చేస్తున్నారు. ఫ్యాక్టరీ కింది అంతస్తులో వాళ్ళకి పనిచేసుకునే గదులు, పై అంతస్తులో ఇళ్ళు. ఇదీ మా పథకం. కింది అంతస్తుకి దాతను మేము తెచ్చుకుంటే పై అంతస్తు తాను కట్టిస్తానని మున్సిపాలిటీ ఒప్పుకుంది. గడువు ఆ వారం శుక్రవారం. అప్పటికి దాత దొరక్కపోతే సందు మొత్తం వేలానికి పోతుంది. కొనడానికి ఒక బిల్డరు కాచుక్కూచున్నాడు. వాడు కొన్నాక అక్కడ లేతూ ఉండదు, దర్జీ ఉండడు.

అంత ఇవ్వగల మనిషి మాకు తెలిసి బిస్కెట్లావిడ ఒక్కతే. మొగుడు పోయాక చిన్న బేకరీని పెద్ద ఫ్యాక్టరీ చేసిన మనిషి. రెండుసార్లు వెళ్ళి కాళ్ళావేళ్ళా పడినంత పనిచేశాను. రెండుసార్లూ "చూద్దాంలే" అంది. ఇది మూడోసారి, ఆఖరిసారి కూడా. అలాంటి రోజున నాకంటే ముందే ఆ స్కూటర్ అక్కడికి చేరిపోయింది.

నాకు ఒళ్ళు మండిందంటే మండదా మరి? ఏడాది కిందట మా అత్తగారే అడిగింది. చిన్నదానికి ఇంట్లో పొద్దుపోవడం లేదు, నీ ఆఫీసులో ఏదో ఒక మూల కూచోబెట్టుకో అని. నోట్లో నాలుక లేని పిల్ల, పడి ఉంటుందిలే అనుకున్నాను. నా చేతులారా తెచ్చి మూల కూచోబెట్టాను. ఏడాది తిరిగేసరికి ఆఫీసు మొత్తం ఆ మూలకే తిరిగి కూచుంది. మొక్కుబడిగా కూడా నవ్వని టైల్స్ షోరూం యజమాని ఫోన్ చేసి, ముందు నా క్షేమం కాదు, "ఆ అమ్మాయి లేదా?" అని అడుగుతాడు. ఐసు ఫ్యాక్టరీ సందులోకి నేను వెళితే నమస్కారాలు పెడతారు. తను వెళితే స్టూలు తుడిచి వేస్తారు. మా చైర్మన్ గారైతే మరీనూ. మీ తోడికోడలు మీకు కుడిభుజం అండీ అంటాడు. ఉన్న రెండు భుజాలతోనే తొమ్మిదేళ్ళు ఈడ్చుకొచ్చాను ఈ బండిని. ఆ మాట ఆయనకి గుర్తు రాదు.

దీన్ని కుళ్ళు అనండి, ఓర్వలేనితనం అనండి, కడుపుమంట అనండి. ఏ పేరు పెట్టినా నాకు అభ్యంతరం లేదు. ఉంది. బాగా ఉంది. పొద్దున్నే పళ్ళు తోముకుంటున్నప్పుడు కూడా ఉంటోంది.

సరే, గేటు తీసుకుని లోపలికి నడిచాను.

బిస్కెట్లావిడ ముందుగది ఎంత పెద్దదో అంత బోసిగా ఉంటుంది. గోడవారన రేకు డబ్బాలు వరసగా పేర్చి ఉంటాయి. కొత్త రకం బిస్కెట్టు ఏది తయారైనా ముందు ఆ డబ్బాల్లోకి వచ్చి, ఆవిడ నోట్లో పడి, ఆవిడ తలూపాకే బజార్లోకి వెళుతుందట. గదిలో ఎప్పుడూ వేడి వెన్న వాసన. ఎత్తు కుర్చీలో ఆవిడ, ఎదురుగా కురచ సోఫాలో వచ్చినవాళ్ళు. ఆ సోఫాలో కూచుంటే ఎంత వయసు వాళ్ళయినా ఆవిడ ముఖంలోకి తలెత్తి చూడాల్సిందే.

ఆ సోఫాలో మా చిన్నకోడలు కూచుని ఉంది. నన్ను చూసి గబుక్కున లేచింది.

"అమ్మగారే రమ్మని కబురు పెట్టారక్కా. మీకు ఫోన్ చేస్తే ఎత్తలేదు," అంది.

ఫోన్ నా సంచీ అడుగున ఎక్కడో ఉంది. అది నిజమే కావచ్చు. కానీ నిజాలు ఒప్పుకునే స్థితిలో నేను లేను. బిస్కెట్లావిడ చేత్తోనే కూచోమని సైగ చేసి, ఈ పిల్లని నేనే పిలిపించాను, ఒక్కదానితో మాట్లాడితే ఒకటి తెలుస్తుంది, ఇద్దరితో మాట్లాడితే రెండు తెలుస్తాయి అంది. నవ్వు ముఖం పెట్టి కూచున్నాను. అప్పుడు చూశాను బల్ల మీద ప్లేటుని.

ఈ సంగతి మీకు చెప్పలేదు కదూ. బిస్కెట్లావిడ ఇంటికి ఎవరొచ్చినా విరిగిన బిస్కెట్లే పెడుతుంది. ప్యాకింగులో విరిగిపోయినవి, అంచులు రాలినవి. విరగనివి అమ్మకానికి, విరిగినవి చుట్టాలకి అని ఆవిడ లెక్క. మంత్రి వచ్చినా అంతేనని చెప్పుకుంటారు. నేను వచ్చిన రెండుసార్లూ నాకు ముక్కలే పెట్టింది. ఆవిడ పద్ధతి అంతే కదా అని నేనూ మురిపెంగా ఏరుకుని తిన్నాను. ఇప్పుడు మా చిన్నకోడలి ముందున్న ప్లేటులో గుండ్రంగా, నిండుగా, అంచు కూడా రాలని బిస్కెట్లు ఉన్నాయి. ఒకటి సగం కొరికి పక్కన పెట్టి ఉంది. అంటే తిని, చాలనుకుని, వదిలేసింది కూడా.

నాకోసం పనమ్మాయి ఇంకో ప్లేటు తెచ్చింది. అందులో ముక్కలు.

చూడండి, నేను చదువుకున్నదాన్ని. పెద్ద పెద్ద కంపెనీల వాళ్ళ ఎదుట నిలబడి గంటలకొద్దీ మాట్లాడినదాన్ని. ఒక బిస్కెట్టు కోసం గొంతు పూడుకుపోతుందని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేదాన్ని. పూడుకుపోయింది. ఒక ముక్క నోట్లో వేసుకుంటే మింగుడు పడలేదు.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. ఏ దాత దగ్గరికి వెళ్ళబోయే ముందైనా నేను ఇంట్లో ఒకసారి అడిగి చూసుకుంటాను. మా ఆయన సోఫాలో దాతగా కూచుంటాడు. ఆయన సర్వేయరు. స్థలాలు కొలిచే ఉద్యోగం. రోజు మొత్తం మీద ఆయన నోట్లోంచి రాలే మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అంచేత బిగదీసుకుని కూచునే దాత వేషానికి ఆయన్ని మించినవాడు లేడు. నేను అడుగుతాను, ఆయన ఉలుకూ పలుకూ లేకుండా చూస్తాడు. అలా చూస్తూ ఉంటే తట్టుకోలేక నేనే ఏదో ఒకటి అనేసేదాన్ని మొదట్లో. పోనీ కొంచెం తగ్గించి ఇవ్వండి అనో, వచ్చే ఏడాదైనా పర్వాలేదు అనో. అప్పుడు పెదవి విరిచి లేచి వెళ్ళిపోయేవాడు. అలా నేర్చుకున్న సూత్రమే ఇప్పుడు మా ట్రస్టులో అందరికీ వేదం. అడిగేశాక నోరు మూసుకోవాలి. అవతలి మనిషి పలికేదాకా మన గొంతు పెగలకూడదు. ముందు పలికినవాళ్ళే ఓడిపోయినట్టు. ఇది మా చిన్నకోడలికి నేర్పింది కూడా నేనే.

ఆ ముందటి ఆదివారం కూడా ఆయన్ని కూచోబెట్టి కింది అంతస్తు అడిగాను. బాగా వచ్చిందన్నట్టు తలూపాడు. ఆ ధైర్యంతోనే వచ్చాను. గొంతు సవరించుకుని, అమ్మగారూ, ఐసు ఫ్యాక్టరీ సందు సంగతి మనం ఇంతకుముందు అనుకున్నదే అని మొదలుపెట్టాను.

ఆవిడ చెయ్యెత్తింది. నీ మాట రెండుసార్లు విన్నానమ్మాయ్ అంది. ఆ తర్వాత తల తిప్పి మా చిన్నకోడలి వైపు చూసింది.

"నువ్వు చెప్పు. అసలు మీకేం కావాలి?"

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. అయినా పళ్ళ బిగువున ఊరుకున్నాను. కింది అంతస్తు అని చెప్పాలని తనకి తెలుసు. ఆఫీసులో అందరికీ తెలుసు. సందులో గొడుగులాయనకి కూడా తెలుసు. కనీసం మాట నాదైనా మిగులుతుంది కదా అనుకున్నాను.

"మొత్తం ఫ్యాక్టరీ అండీ," అంది మా చిన్నకోడలు. "కిందా, పైనా. రెండంతస్తులూ మీరే కట్టించాలి."

చెప్పి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చూపు నేల మీద నిలిపి ఊరుకుంది.

ఇదేం అడగడం? ఎవరిని అడిగి అడిగింది? ఆఫీసులో ఎవరితోనూ అనలేదు, నాతో అనలేదు. మున్సిపాలిటీ ఇస్తానన్న పై అంతస్తుని కూడా ఈ ముసలావిడ నెత్తిన రుద్దుతుందా? బిస్కెట్లావిడ మాత్రం కోప్పడలేదు. కుర్చీలో వెనక్కి వాలి ఆ పిల్లనే చూస్తోంది. పైన ఫ్యాను తిరుగుతోంది. వంటింట్లో ఎవరో గిన్నెలు సర్దుతున్నారు.

మా చిన్నకోడలు కదల్లేదు. రెప్ప కూడా వెయ్యలేదనిపించింది. నేను నేర్పినదాన్ని నాకంటే శుభ్రంగా చేస్తోంది. నాకైతే ఆ మౌనంలో కాలి బొటనవేలు ఆడుతుంది. తనకి అదీ లేదు. బిస్కెట్లావిడ కళ్ళల్లో మెత్తదనం లాంటిది కనబడింది. నేను చూడాలని రెండుసార్లు వచ్చి చూడలేకపోయినది అదే. ఇచ్చేస్తుంది అనుకున్నాను. ఈ పిల్ల అడిగింది కాబట్టి రెండంతస్తులూ ఇచ్చేస్తుంది. శుక్రవారం మీటింగులో చైర్మన్ గారు లేచి నిలబడి చప్పట్లు కొడతాడు. మరిది ఇంట్లో మా అత్తగారు చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెబుతుంది. తొమ్మిదేళ్ళు నేను కాళ్ళరిగేలా తిరిగింది ఎవరికీ గుర్తుండదు. చిన్నకోడలు ఒక్క మాటతో ఫ్యాక్టరీ తెచ్చిందట అనే అందరూ చెప్పుకుంటారు.

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు లేతు మిషన్లూ గుర్తు రాలేదు, రేకుల కింద పిల్లలూ గుర్తు రాలేదు. అది నెగ్గకూడదు అన్న ఒక్కటే ఉంది నాలో. ఎలాగైనా సరే నెగ్గకూడదు.

"కింది అంతస్తు చాలండీ," అనేశాను. "చిన్నపిల్ల, తెలియక అడిగింది."

గొంతులో తేనె పోసుకుని మరీ అన్నాను. ఎదుటివాళ్ళకి వినయంగానే వినబడి ఉంటుంది. అన్న మరుక్షణం చేసిన పని తెలిసొచ్చింది. నేను పెట్టిన సూత్రాన్ని నేనే తుంగలో తొక్కాను, అదీ మా మనిషి అడిగినదాని మీదే. అడిగిన మాటని మనమే కొట్టేసుకుంటే ఎవరైనా ఏమిస్తారు? మీలో మీకే తెలియదు మీకేం కావాలో, వెళ్ళిరండి అంటారు. ఆ పని బిస్కెట్లావిడ నాకు ఇంతకుముందు రెండుసార్లు చేసింది. మూడోసారి చేస్తే సందు పోయినట్టే. నా నోటితో నేనే పోగొట్టినట్టు.

బిస్కెట్లావిడ నన్ను చూసింది, మా చిన్నకోడల్ని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. చిన్న నవ్వు కాదు. కుర్చీ చేతులు పట్టుకుని, ఒళ్ళంతా ఊగిపోయేలా నవ్వింది.

మా ఇంట్లోనూ ఇద్దరు కోడళ్ళున్నారమ్మాయ్, ఈ చూపు నాకు తెలుసులే అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని, కుర్చీలో ముందుకి జరిగింది.

"యాభై ఏళ్ళుగా వ్యాపారం చేస్తున్నాను. చెప్పిన ధరకి ఇంతవరకూ ఏదీ కొనలేదు. నువ్వు వచ్చిన రెండుసార్లూ కింది అంతస్తు అన్నావు, అక్కడే కూచున్నావు. రూపాయి తగ్గలేదు. తగ్గని సరుకు నేను ముట్టుకోను. ఇవాళ సగానికి తగ్గావు. సరే, కింది అంతస్తు నాది."

రేపు ఉదయం మేనేజర్ని కాగితాలతో పంపిస్తానని, శుక్రవారం లోపలే మున్సిపాలిటీకి అందేలా చూస్తానని చెప్పింది. నాకు మాటలు సగమే వినబడ్డాయి. మిగిలిన సగం చెవుల్లో హోరు. లేచేముందు ఆవిడ మా చిన్నకోడలి ముందున్న ప్లేటు తీసి నా ముందుకి తోసింది. తిను అంది.

విరగని బిస్కెట్టు తిన్నాను. ఒకటి తిని, ఇంకోటి కూడా తిన్నాను.

బయటికొచ్చేసరికి నేను నేల మీద లేను. సందు దక్కింది. దక్కించింది నేను. ఎవరి గొప్ప కోరికతోనో కాదు, నా ఒక్క మాటతో. భయపడి నోరు జారాననుకున్నది కాస్తా బేరం అయి కూచుంది. ఇలాంటివి అనుభవం మీద వస్తాయి మరి. కొత్తగా వచ్చినవాళ్ళకి ఎక్కడ తెలుస్తుంది? ఇంత పెద్ద మనిషిని ఏ క్షణంలో ఎంతకి దించాలో నా నాలుకకే తెలుసన్నమాట. ఒక పక్క సంతోషం, ఇంకో పక్క చిన్నకోడల్ని చూస్తే పీకదాకా వచ్చిన తృప్తి. రెండూ కలిసి నన్ను నిలవనివ్వలేదు.

ఆ టైములో అక్కడ టాక్సీలు దొరకవు. ఎక్కండక్కా, ఆఫీసులో దింపుతానంది తను. ఆ స్కూటర్ వెనక ఎక్కాల్సి వచ్చినందుకు మామూలుగా అయితే మూతి ముడుచుకునేదాన్ని. అప్పుడు మాత్రం రాణీగారిలా ఎక్కి కూచున్నాను. దారి పొడవునా దాని హెల్మెట్‌లోకి పాఠం చెప్పాను. దాతని అడిగేముందు నాయకత్వం వహించే మనిషితో ఒక మాట అనుకోవాలని, ఎంతపడితే అంత అడగడం గొప్పతనం కాదని, నేను సర్దకపోయి ఉంటే సందులో వాళ్ళందరి కొంపలూ మునిగి ఉండేవని. తను ఒక్క మాటకీ ఎదురు చెప్పలేదు. ఊఁ అంటూ నడుపుతోంది. ఎదురు చెప్పకపోయేసరికి నాకు ఇంకా ఊపొచ్చింది.

"శుక్రవారం మీటింగులో జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను," అన్నాను. "ఇకమీదట నువ్వు దాతల దగ్గరికి రావద్దు. ఆఫీసులో రసీదులు చూసుకో."

స్కూటర్ వేగం తగ్గింది. వంతెన దాటాక, టైర్లకి గాలి కొట్టే షాపు పక్కన ఆపేసింది. దిగి, హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుంది. జుట్టంతా చెమటకి నుదుటికి అంటుకుపోయి ఉంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"అక్కా, నేను మొత్తం ఫ్యాక్టరీ అడిగింది ఆవిడ ఇస్తుందని కాదు. మీరు తగ్గిస్తారని."

ఏమన్నావు అన్నాను. మళ్ళీ అదే చెప్పింది, ఇంకొంచెం నెమ్మదిగా. బిస్కెట్లావిడ ఎవరైనా తగ్గితేనే తప్ప దేనికీ ఒప్పుకోదని ఆవిడ బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళు చెప్పారట. కాబట్టి ఎక్కువ అడగాలి, మనవైపు నుంచే ఎవరో తగ్గించాలి. అడిగినవాళ్ళే తగ్గిస్తే బేరం కోసం పెంచి చెప్పారని ఆవిడకి అర్థమైపోతుంది. నాటకమాడినా పట్టేస్తుంది. తగ్గించే మనిషి నిజంగా తగ్గించాలి. నిజంగా వద్దనుకోవాలి.

"నేను తగ్గిస్తానని నీకెలా తెలుసు?"

"నేనడిగితే మీరు ఊరుకోలేరు కదక్కా."

వెటకారంగా అని ఉంటే అక్కడే రోడ్డు మీద జుట్టు పట్టుకునేదాన్నేమో. వెటకారం లేదు. మీకు కాఫీలో పంచదార ఎక్కువ కావాలి కదా అన్నంత మామూలుగా అంది. నా గాలి మొత్తం తీసేసింది. గాలి కొట్టే కుర్రాడు పంపు ఆపి మావైపు చూస్తున్నాడు. నేను వాడి వైపు చూసేసరికి మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టాడు.

నా కుళ్ళుని నేను ఎంత జాగ్రత్తగా దాచుకున్నానో నాకు తెలుసు. ఆఫీసులో ఏ రోజూ పైకి ఒక్క మాట తూలలేదు. పుట్టినరోజుకి కానుక కూడా కొనిచ్చాను. అదంతా ఈ పిల్లకి తెలుసు. తెలుసుకుని ఊరుకోకుండా, దాన్ని పట్టుకెళ్ళి పనిలో పెట్టింది. నా ఓర్వలేనితనం మీద అంత నమ్మకం పెట్టుకుంది. ఒక సందు మొత్తం దాని మీద నిలబెట్టింది. నేను నేర్పిన సూత్రంతో నన్నే ఆడించింది. ఆడించి, రసీదులు చూసుకోమంటే తలొంచుకుని విన్నది కూడా.

"ముందే నాతో చెప్పి ఉండొచ్చుగా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

చెబితే నేను నటించాల్సి వచ్చేదట, నాకు నటించడం చేతకాదట. మీటింగులో మీరే తెచ్చారని చెప్పండక్కా, నేనేమీ అననంది. రసీదులు కూడా చూసుకుంటానంది. దాతల దగ్గరికి రావద్దంటే మానేస్తుందట. కానీ తెలియక అడిగిందని మాత్రం అందరి ముందూ అనొద్దని బతిమాలింది. ఆ ఒక్కటీ తనకి కష్టంగా ఉంటుందట.

అక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది. స్కూటర్ ఎక్కి ఆఫీసుకి వెళ్ళిపోయేవాళ్ళం. నాకు మాత్రం ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. ఈ పిల్లకి తెలివి ఉంది, కాదనను. కానీ ఇంత లోపలికి తెలియడానికి నాతో ఏడాది పనిచేస్తే చాలదు. అడిగేశాను, ఇదంతా నీ బుర్రలోనే పుట్టిందా అని.

తను హెల్మెట్ పట్టీని వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్ళీ చుట్టుకుంది.

"బావగారు చెప్పారు," అంది.

మా ఆయన. రోజంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడని మా ఆయన.

నేనేమీ అనకముందే మిగతాది తనే చెప్పుకుపోయింది. అంతకుముందు వారం నేను మున్సిపాలిటీ ఆఫీసులో పడిగాపులు పడుతున్న మధ్యాహ్నం, తనూ మా అత్తగారూ మా ఇంటికి వచ్చారట. మాటల్లో బిస్కెట్లావిడ సంగతి వస్తే ఆయనే ఈ దారి చెప్పాడట, ఎలాగైనా నా వెంట వెళ్ళమన్నాడట; తర్వాత ఆవిడే పిలవడం కలిసొచ్చిందట. చెప్పి ఊరుకోలేదు. ముగ్గురూ కూచుని మొత్తం ఒకసారి చేసి చూసుకున్నారట. మా సోఫాలోనే. బిస్కెట్లావిడ వేషం మా అత్తగారు వేసిందట, బాగా వేసిందట. అడిగింది తను. ఇది చెబుతున్నప్పుడు తన పెదవుల మీదికి నవ్వు రాబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది.

తొమ్మిదేళ్ళుగా ఆ సోఫా ముందు అడిగింది నేనొక్కదాన్నే. అది ఇంకొకరితో కూడా చేయొచ్చని నాకెప్పుడూ తోచలేదు. మా అత్తగారికి నా ఉద్యోగం ఏమిటో సరిగ్గా చెప్పడం కూడా రాదు. నేను లేని మధ్యాహ్నం నా ఇంట్లో ఇంతమంది ఇంత సరదాగా ఉన్నారు. ఆ రోజు సాయంత్రం నేను వచ్చేసరికి ఆయన ఎప్పటిలాగే పేపరు చదువుకుంటున్నాడు. ఎవరైనా వచ్చారా అంటే లేదనలేదు. అసలు నేను అడగలేదు.

"మరి నా వేషం ఎవరు వేశారు?" అన్నాను.

తను స్కూటర్ అద్దానికి చుట్టిన టేపుని గోటితో గీకింది. చెప్పక్కర్లేకుండానే నాకు తెలిసిపోయింది. అయినా వినాలనిపించింది.

"ఏమన్నాడు ఆయన? నేను ఏమంటానని అన్నాడు?"

"వద్దులెండక్కా."

"చెప్పు."

చిన్నకోడలు నేల చూపులు చూస్తూ, గొంతులోంచి వచ్చీరానట్టు చెప్పింది.

"కింది అంతస్తు చాలండీ. చిన్నపిల్ల, తెలియక అడిగింది."

ఒక్క అక్షరం అటూ ఇటూ లేదు. నేను అనడానికి వారం రోజుల ముందే, నా మొగుడు నా గొంతు పెట్టుకుని, నా సోఫా ముందు నిలబడి, తల్లి ఎదుటా మరదలి ఎదుటా ఆ మాట అన్నాడు. వాళ్ళు నవ్వారు. తప్పకుండా నవ్వి ఉంటారు. మా అత్తగారు నవ్వితే పక్కింటికి వినబడుతుంది.

నేను స్కూటర్ వెనక ఎక్కి కూచున్నాను. ఆఫీసులో అందరూ మా కబురు కోసం కాచుకుని ఉన్నారు. సంచీలో ఫోన్ మోగుతోంది, చైర్మన్ గారే అయి ఉంటాడు. తియ్యలేదు. ఆ రోజు మా ఆయనకి సెలవు. ఇంట్లోనే ఉన్నాడు.

"ఆఫీసుకి కాదు, మా ఇంటికి పోనియ్," అన్నాను.

అప్పుడు భయపడింది. బిస్కెట్లావిడ ముందు రెప్ప వెయ్యని పిల్ల, తెల్లగా పాలిపోయి నా చెయ్యి పట్టుకుంది.

"బావగారితో నేను చెప్పానని అనకండక్కా. మీకు చెప్పనని ఆయనకి మాటిచ్చాను."

నా చెయ్యి విడిపించుకున్నాను.

"ఇంకా ఏమేం మాటలిచ్చావు ఆయనకి?" అన్నాను.

తను హెల్మెట్ పెట్టుకుని, స్కూటర్ని మా ఇంటి వైపు తిప్పింది.